క్లారా షూమన్ పాటలు: "నీ గొంతు వినిపిస్తోంది, జర్మన్ వినిపించడం లేదు" అన్నారు మా టీచర్

స్వరాళి
అందరికీ నమస్తే. చాలాకాలంగా చదువుతున్నాను కానీ ఇక్కడ రాయడం ఇదే మొదటిసారి. నేనుండేది లైప్‌జిగ్‌లో, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. విజయవాడలో పదకొండేళ్లు కర్ణాటక సంగీతం నేర్చుకున్నాను. వర్ణాలు, కృతులు వచ్చు, స్వరకల్పన అంటే మాత్రం ఇప్పటికీ చెమటలు. ఇక్కడికొచ్చాక ఏడాదిన్నరగా సాయంత్రాలు పాశ్చాత్య గాత్రం క్లాసులకి వెళ్తున్నాను. వచ్చే నెలాఖరుకి మా టీచర్ దగ్గర నేర్చుకునే వాళ్లందరి కచేరీ ఉంది. నాకు క్లారా షూమన్ పాటలు రెండు ఇచ్చారు. రెండూ 1841లో చేసినవే, కవి ఫ్రీడ్రిష్ రూకర్ట్. ఒకటి "లీప్స్ట్ డు ఉమ్ షోన్‌హైట్" (అందం కోసం ప్రేమిస్తే), రెండోది "ఎర్ ఇస్ట్ గెకొమ్మెన్" (గాలివానలో అతనొచ్చాడు).

స్వరాలు రెండు వారాల్లో వచ్చేశాయి. నిన్న మొదటి పాట మొత్తం పాడితే టీచర్ కళ్లు మూసుకుని విని, "నీ గొంతు వినిపిస్తోంది, జర్మన్ వినిపించడం లేదు" అన్నారు. ప్రతి స్వరం దగ్గర చిన్న జారుడు వస్తోందట, నాకేమో అది వినపడనే వినపడదు! పైగా నాలుగు చరణాలకీ దాదాపు ఒకటే బాణీ. మన పాటైతే సంగతులు వేసుకుంటూ పెంచుకుంటూ పోతాం, ఇక్కడ ఒక్క స్వరం కలపడానికి లేదు, మరి నాలుగుసార్లు అదే పాడితే జనం ఆవలించరా? టెన్షన్‌గా ఉంది. ఇలాంటివి పాడినవాళ్లు గానీ, పక్కన పియానో వాయించినవాళ్లు గానీ ఉంటే చెప్పండి ప్లీజ్.

గోదారిగట్టు
పాడటం నాకు రాదు, వినడమే. ఇలాంటి పాటని లీడ్ అంటారట, ఎక్కువైతే లీడర్ అట. మా రాజమండ్రిలో లీడర్లు ఎక్కువైతే ఏమవుతుందో అందరికీ తెలుసు. సరే, జోకు పక్కనపెడితే, ఈ క్లారా గారు ఆ రాబర్ట్ షూమన్ భార్యేనా? ఆయన పాటలు కొన్ని విన్నాను. ఈవిడ కూడా రాసేదని తెలీదు.

మైథిలి_స్టుట్‌గార్ట్
భార్యే, కానీ వాళ్లిద్దరి పెళ్లయ్యేనాటికి ఊళ్లలో జనానికి తెలిసిన పేరు ఆవిడదే. చిన్నప్పట్నుంచీ యూరప్ తిరిగి కచేరీలు చేసిన పియానిస్టు. 18 ఏళ్లకే, 1838లో, వియన్నా చక్రవర్తి దర్బారు బిరుదు ఇచ్చింది. యూరో రాకముందు ఇక్కడి 100 మార్కుల నోటు మీద బొమ్మ ఆవిడదే. నేనొచ్చేసరికి ఆ నోట్లు పోయాయి, మా ఇంటి ఓనరమ్మ ఒకటి ఫ్రేము కట్టించి పెట్టుకుంది, అందులో చూశా.

స్వరాళీ, పదిహేనేళ్లుగా ఇక్కడ కాయర్లలో (బృందగానాల్లో) పాడుతున్నాను, అప్పుడప్పుడు సోలో లీడ్‌లు కూడా. నీకు చెప్పిన మాటే నాకూ చెప్పారు, కాకపోతే ఇంత మర్యాదగా కాదు. ముందు ఉచ్చారణ సంగతి. మనది అజంత భాష, మాట చివర అచ్చు లేకపోతే నోరు ఊరుకోదు. "లీప్స్ట్" అన్నప్పుడు చివర సన్నగా "ఉ" తగులుతోందేమో రికార్డు చేసుకుని విను. "లీప్స్టు డు" అయిపోతుంది. నాకు ఏడాది పట్టింది అది వదలడానికి. ఇంకోటి, రాసేది "బ" అయినా అక్కడ పలికేది "ప". "యూగెంట్" (యవ్వనం) చివర కూడా రాత "డ", పలుకు "ట". ఆ ట కూడా మన ట కాదు, నాలుక వెనక్కి మడవకు. మన త అంత పళ్ల మీదకీ రాకూడదు, ఆ రెండిటి మధ్యలో పళ్ల చిగుళ్ల దగ్గర ఆగాలి.

"మిహ్", "నిహ్ట్" లో వచ్చే ఆ హ ఉంది చూడు, దాన్ని "ష" చెయ్యకు, "ఖ" అసలే చెయ్యకు. "హి" అని గుసగుసగా మొదలుపెట్టి ఇకారం బయటికి రాకముందే ఆపెయ్, అదే ఆ ధ్వని. "షోన్" లో అచ్చుకి నాలుక "ఏ" అనాలి, పెదవులు "ఓ" అనాలి. "ఫ్రూలింగ్" (వసంతం) లో నాలుక "ఈ", పెదవులు "ఊ". అద్దం ముందు చెయ్యి, ఇంట్లో వాళ్లు నవ్వినా సరే.

పియానో_పంతులు
సికింద్రాబాద్‌లో పియానో నేర్పుతాను, పాడేవాళ్ల పక్కన చాలా వాయించాను. మైథిలి గారు చెప్పినదానికి ఒకటి కలుపుతాను. పియానో కార్డు (ఒక్కసారిగా మోగే స్వరాల గుత్తి) పడే క్షణానికి మీ నోట్లో అచ్చు పడాలి, హల్లు కాదు. అంటే హల్లులన్నీ దెబ్బకి ముందే అయిపోవాలి. "ష్టూర్మ్" అనే మాటకి ముందు ష్, ట్ రెండూ జరిగిపోయి "ఊ" నా వేలితో పాటు దిగాలి. కొత్తగా పాడేవాళ్లు దెబ్బ మీద "ష్" మొదలుపెడతారు, పాట ప్రతి మాటకీ వెంట్రుకవాసి వెనకబడుతుంది, వినేవాళ్లకి ఏం తేడానో తెలీదు గానీ అలసటగా ఉంటుంది. జర్మన్ వినిపించడం లేదని మీ టీచర్ అనడానికి సగం కారణం ఇదే అయ్యుంటుంది.

రెండోది, పియానోని పక్కవాద్యం అనుకోవద్దు. మన వయొలిన్ విద్వాంసుడు గాయకురాలిని వెంబడిస్తాడు, ఇక్కడ అలా ఎవరూ ఎవరినీ వెంబడించరు. ఈ పాటలు రాసింది ఆ కాలంలో పేరు మోగిన పియానిస్టు అని గుర్తుంచుకోండి. "ఎర్ ఇస్ట్ గెకొమ్మెన్" లో గాలివాన అంతా నా చేతుల్లో ఉంది, ఎఫ్ మైనర్‌లో (కాస్త దిగులుగా వినిపించే స్వరవరస) పరుగులు పెట్టే స్వరాలు. దాన్ని చూసి పాడేవాళ్లు కూడా తుపానైపోతారు, గొంతు చించుకుంటారు. అక్కర్లేదమ్మా. మీరు గాలివాన కాదు, గాలివానలో తలుపు దగ్గర నిలబడి గుండె చిక్కబట్టుకుని చూస్తున్న పిల్ల. తుపాను నేను చూసుకుంటాను.

స్వరాళి
మాస్టారూ, "తుపాను నేను చూసుకుంటాను" అన్నది నోట్స్‌లో పెన్సిల్‌తో రాసుకున్నాను 😄

అక్కా, రికార్డు చేసి విన్నాను. "ఉ" ఉంది. ఒక్కటి కాదు, పదకొండు చోట్ల. సిగ్గేసింది.

గోదారిగట్టు
యూట్యూబ్‌లో ఆ మొదటి పాట విన్నా. తర్వాత అదే కవితకి గుస్తావ్ మాలర్ చేసింది కూడా వచ్చింది. కొట్టకండి గానీ, మాలర్‌ది విన్నాక క్లారాది కాస్త చప్పగా ఉంది. మాలర్ పాటలో ఆఖర్న "ఇమ్మెర్" అన్నచోట ప్రాణం జారిపోయింది. ఈవిడదేమో హాయిగా వెళ్లిపోతోంది.

నిషాదం
చప్పగా కాదు, స్థిమితంగా అనండి. మాలర్ తన కొత్త పెళ్లాం ఆల్మా కోసం 1902లో చేశాడు, క్లారా అరవై ఏళ్ల ముందే చేసింది. మాలర్ పాటలో తాళం నిలకడగా ఉండదు, ఒక కొలత నుంచి ఇంకో కొలతకి మారుతూ ఉంటుంది, అందుకే అతను తడబడుతున్నట్టు, బతిమాలుతున్నట్టు వినిపిస్తుంది. క్లారా లెక్క సమంగా నడుస్తుంది, డి ఫ్లాట్ మేజర్‌లో (ప్రసన్నంగా వినిపించే స్వరవరస). బతిమాలడం లేదు అందులో. అందం కావాలా, సూర్యుడున్నాడు పో. యవ్వనం కావాలా, ఏటేటా కుర్రదయ్యే వసంతం ఉంది పో. డబ్బు కావాలా, ముత్యాల రాశులున్న సాగరకన్య ఉంది, ఆమె దగ్గరికి పో. ఇవన్నీ చెప్పగలిగిన మనిషికి తన విలువ తెలుసు. ఏడుపు గొంతుతో చెప్పే మాటలు కావవి, చిన్న నవ్వుతో చెప్పేవి.

స్వరాళి గారి ప్రశ్నకి జవాబు కూడా అక్కడే ఉందనుకుంటాను. మూడు చరణాల్లో "ఓ నిహ్ట్ మిహ్ లీబె", వద్దు, నన్ను ప్రేమించకు. నాలుగోదానిలో మాత్రం "ఓ యా, మిహ్ లీబె", ఆ, నన్నే ప్రేమించు. "నిహ్ట్" బదులు "యా", అంతే మార్పు. మూడు "వద్దు"లు నిజంగా వద్దు అన్నట్టు పాడితేనే ఆ "యా" కి బరువొస్తుంది. సంగతులు వెయ్యక్కర్లేదు, మాట మారుతోంది కదా, అదే సంగతి.

కచేరీప్రియుడు
చిరంజీవి స్వరాళికి, నేను రిటైరైన మనిషిని, నెల్లూరు. పాశ్చాత్యం తక్కువ విన్నాను. నా మాట ఏమిటంటే ఆ తల్లి పడ్డ కష్టాలు తెలుసుకుని, అవి గుండెలో పెట్టుకుని పాడమ్మా. తండ్రి పెళ్లి వద్దంటే కోర్టుకెళ్లి పెళ్లి చేసుకుంది, భర్తకి మతి చలించింది, ఎనిమిది మంది పిల్లలు, ఒంటి చేత్తో సంసారం లాగింది. అవన్నీ పాటలో ధ్వనించకపోతే ఎవరు పాడితే ఏముంది?

నిషాదం
పెద్దవారు, మన్నించాలి, కానీ దీనికి నేను గట్టిగా అడ్డం చెబుతాను. ఈ పాటలు 1841 జూన్‌లో రాబర్ట్ పుట్టినరోజుకి కానుకగా చేసినవి. అప్పటికి ఆవిడకి 21 ఏళ్లు, పెళ్లయి తొమ్మిది నెలలు, కడుపుతో ఉంది, సెప్టెంబరు 1న మొదటి బిడ్డ, మరీ అనే అమ్మాయి, పుట్టింది. రాబర్ట్ రైన్ నదిలో దూకింది 1854లో. ఆ ఏడుపంతా పదమూడేళ్లు వెనక్కి లాగి ఒక సంతోషమైన పాటలో కుక్కితే ఎలాగండీ? ఆడవాళ్లు సంగీతం రాస్తే అందులో ఏడుపే ఉండాలన్నట్టు వినడం నాకు నచ్చదు. రాబర్ట్ పాటలు పాడేటప్పుడు పిచ్చాసుపత్రిని తలుచుకుని పాడండి అని ఎవరూ అనరు కదా.

కచేరీప్రియుడు
తేదీలు నాకు తెలియవు నాయనా, తప్పు ఒప్పుకుంటాను. కానీ నువ్వు మరీ తేదీలతో కొడుతున్నావు. పెళ్లికి ముందు ఏడాదే, 1839లో, ఆడది సంగీతం రాయాలని కోరుకోకూడదు, ఇంతవరకు ఎవరూ రాయలేదు, నేనెవర్ని అని డైరీలో రాసుకుందట కదా, మా మనవరాలు చదివి వినిపించింది. ఆ సందేహం మనసులో ఉన్న మనిషి, ఇవి చేసేటప్పుడు మాత్రం ధీమాగా ఉందంటే నేను నమ్మలేను.

మైథిలి_స్టుట్‌గార్ట్
బాబాయ్ గారి మాటలోనూ ఉంది విషయం. భర్త స్వరాలు రాసుకుంటుంటే గోడలు పలచన కాబట్టి ఆవిడ సాధన ఆపేసి కూర్చునేది. అయితే ఆ సందేహమంతా డైరీలో ఉంది, ఈ స్వరాల్లో కనబడదు. నాకైతే అదే ఆశ్చర్యం.

పుస్తకం కథ కూడా విను, పాడేటప్పుడు పనికొస్తుంది. క్లారా చేసిన మూడూ, రాబర్ట్ చేసిన తొమ్మిదీ కలిపి పన్నెండు పాటల పుస్తకం, రూకర్ట్ "ప్రేమ వసంతం" కవితల నుంచి, 1841లోనే అచ్చయింది. మొదటి ప్రతిని రాబర్ట్ ఆవిడ పుట్టినరోజుకి ఇచ్చాడు. అట్ట మీద ఇద్దరి పేర్లూ ఉన్నాయి, లోపల ఏ పాట ఎవరిదో లేదు! రెండు, నాలుగు, పదకొండు ఆవిడవి. నీకిచ్చిన రెండూ అందులో రెండోదీ నాలుగోదీ. రూకర్ట్‌కి పంపితే ఆయన ఇద్దరికీ కలిపి ధన్యవాదాలుగా ఒక కవిత రాసి పంపాడు.

నువ్వు లైప్‌జిగ్‌లోనే ఉన్నావు కదా, ఇన్సెల్ వీధి 18వ నంబరు ఇంటికి వెళ్లావా? పెళ్లయ్యాక 1844 వరకు వాళ్లు ఉన్నది అక్కడే, ఇప్పుడు మ్యూజియం. ఈ పాటలు పుట్టిన ఇల్లు నీకు ట్రాము దూరంలో ఉంది.

స్వరాళి
అక్కా, మూడేళ్లుగా ఆ వీధి పక్కనుంచే ఆఫీసుకి వెళ్తున్నాను. ఒక్కసారి లోపలికెళ్లలేదు. ఈ శనివారం వెళ్తాను.

అసలు కష్టం ఇంకోటి. షడ్జం దొరకడం లేదు. నా శ్రుతి 5½, పాట డి ఫ్లాట్ అంటే ఒకటిన్నర అన్నమాట, సరే, అది పెట్టుకుని తంబూరా యాప్ ఆన్ చేసి సాధన చేశాను. కొంత దూరం బాగానే ఉంటుంది, తర్వాత తంబూరాకీ పాటకీ పడదు. రెండో పాటైతే మరీ. మైనర్‌లో మొదలై ఎండ్‌కి మేజర్‌లోకి వచ్చేస్తుంది, ఇల్లు మారిపోయినట్టుంటుంది.

పియానో_పంతులు
తంబూరా ఆపెయ్యండి ముందు! నవ్వు ఆగలేదు, ఏమనుకోకండి. ఈ సంగీతంలో షడ్జం ఒకచోట కూర్చోదు. గ్రహభేదం తెలుసు కదా, అది రెండు మూడు వరసలకోసారి చెప్పకుండా జరుగుతోందనుకోండి. మీరు పాడే స్వరం అదే ఉంటుంది, కింద కార్డు మారగానే దాని అర్థం మారుతుంది, ఇందాక పంచమం అయినది ఇప్పుడు గాంధారం. పియానో ఎడమ చెయ్యి మాత్రం వాయించి రికార్డు చేసుకోండి, తంబూరా బదులు అది పెట్టుకుని సాధన చెయ్యండి. ఎడమ చేతిని నోటితో పాడగలిగిన రోజు మీ పాట గట్టెక్కినట్టే.

అలాగే గొంతుకి ఎత్తుగా ఉంటే ఒక స్వరం దించి రాయించుకోవడం మామూలే, మొహమాటపడకండి. మరీ దించితే మాత్రం పియానో కింది స్వరాలు బురద బురదగా మోగుతాయి.

నిషాదం
జారుడు సంగతి ఎవరూ మాట్లాడలేదు. స్వరాళి గారూ, మీ టీచర్ అన్నది నిజమే కానీ, పూర్తిగా నిటారుగా పాడటమే పాత పద్ధతి అని అనుకోకండి. 19వ శతాబ్దంలో గాయకులు స్వరం నుంచి స్వరానికి జారేవారు, దానికి పోర్టమెంటో అని పేరు కూడా ఉంది. క్లారా తను కూడా డ్రెస్డెన్‌లో మిక్ష్ అనే గురువు దగ్గర గాత్రం నేర్చుకున్న మనిషి, గొంతు ఎలా పని చేస్తుందో తెలియక రాసినవి కావు ఇవి. మనకీ వాళ్లకీ తేడా ఎక్కడంటే, వాళ్లు ఒక మాటని ఎత్తి చూపడానికి ఎక్కడో ఒకచోట జారతారు, మనం అలవాటుగా ప్రతి స్వరం దగ్గరా జారతాం. పాట మొత్తంలో ఒకే ఒక్క చోటు ఎంచుకోండి జారడానికి. నేనైతే "ఓ యా" ముందు. మిగతావన్నీ మెట్లెక్కినట్టు.

మైథిలి_స్టుట్‌గార్ట్
"ఓ యా" ముందు వద్దు! అది శుభ్రంగా, కొత్తగా రావాలి. జారితే సినిమా పాటైపోతుంది. ఆఖర్న "ఇమ్మెర్‌దార్" (ఎప్పటికీ) దగ్గర అయితే ఒప్పుకుంటా.

నిషాదం
ఇక్కడ మనకి కుదరదు. సరే.

గోదారిగట్టు
మీరిద్దరూ "ఓ యా" కోసం కొట్టుకుంటుంటే నాకు ఒకటి తట్టింది. ఇది అచ్చం మన లలిత గీతమే కదా? కవిత ముందు, బాణీ తర్వాత. మా నాన్న ఆకాశవాణి విజయవాడలో ఉదయం లలిత గీతాలు వచ్చేదాకా కాఫీ తాగేవాడు కాదు. కృష్ణశాస్త్రి గారి మాటలకి రజనీకాంతరావు గారు బాణీ కడితే మాట ఎక్కడా నలిగేది కాదు. ఆ పద్ధతే అనుకుని పాడితే పోలేదా?

పియానో_పంతులు
మాట నలగకూడదన్నంత వరకు అదే. మిగతాది కాదు. లలిత గీతంలో వాద్యాలు గొంతునే అంటిపెట్టుకుని నడుస్తాయి, మధ్యలో ఒక ముక్క వాయించి మళ్లీ తప్పుకుంటాయి. ఇక్కడ గొంతు చెప్పనిది పియానో చెబుతుంది. "లీప్స్ట్ డు" లో పాడేది అయిపోయాక పియానో ఇంకా కొంచెం మాట్లాడుతుంది. ఆ కాసేపు మీరు ఏం చేస్తారన్నది ముఖ్యం స్వరాళి గారూ. చాలామంది ఆఖరి మాట అవగానే భుజాలు వదిలేసి, నాకేసి చూసి, జనంకేసి నవ్వేస్తారు. పాట ఇంకా నడుస్తోంది! "ఎప్పటికీ ప్రేమిస్తాను" అన్న మనిషి మూడు సెకన్లకే మొహం మార్చేస్తే ఎవరు నమ్ముతారు? ఆఖరి స్వరం మోగి ఆగేదాకా ఆ మనిషిలాగే నిలబడండి.

కచేరీప్రియుడు
ఇది మాత్రం మా పదాల సంప్రదాయమే. క్షేత్రయ్య పదం పాడేటప్పుడు నాయిక ఎవరు, ఏ స్థితిలో ఉంది, ఎవరితో మాట్లాడుతోంది అని చూసుకునే కదా పాడతారు. అమ్మా, నీ పాటలో నాయిక స్వాధీనపతిక, అంటే ప్రియుడు తన మాట మీద ఉన్న నాయిక, అనుకో. ఇందాక నేను విరహోత్కంఠిత (ఎడబాటుతో వేగిపోయే నాయిక) చెయ్యమన్నాను, ఆ అబ్బాయి సరిగానే దిద్దాడు.

ఇంకో సంగతి, ఆ రూకర్ట్ గారు సంస్కృతం వచ్చిన పండితుడని తెలిసి చెవులు నిక్కపొడుచుకున్నాయి. మన గీతగోవిందాన్ని జర్మన్‌లోకి తెచ్చాడట 1837లో, అంతకుముందే నలదమయంతుల కథ. మా వీధి భజన మందిరంలో ప్రతి శనివారం పాడుకునే అష్టపదులు ఆ మహానుభావుడి బల్ల మీద కూడా ఉన్నాయన్నమాట.

స్వరాళి
స్వాధీనపతిక! తాతగారూ, నాలుగు వారాలుగా నాకు ఎవరూ చెప్పలేనిది ఒక్క మాటలో చెప్పేశారు. ఇది మా టీచర్‌కి జర్మన్‌లో ఎలా చెప్పాలో మాత్రం అర్థం కావడం లేదు.

కచేరీలో పంచే కాగితం కోసం, ఇక్కడి తెలుగు ఫ్రెండ్స్ కూడా వస్తారని, తెలుగు చేద్దామని కూర్చున్నాను. మొదటి చరణమే తన్నేసింది. "అందం కోసం ప్రేమిస్తే నన్ను ప్రేమించకు, సూర్యుణ్ణి ప్రేమించు, బంగారు జుట్టుంది" అని రాశాను. జర్మన్‌లో సూర్యుడు ఆడది! "ఆమెకి బంగారు జుట్టు" అని ఉంది. నేను సూర్యుణ్ణి అంటే బాధగా ఉంది, మొత్తం ఆట చెడిపోతోంది.

మైథిలి_స్టుట్‌గార్ట్
అవును, సూర్యుడు, సాగరకన్య ఇద్దరూ ఆడవాళ్లే అక్కడ. ఒక ఆడమనిషి, వాళ్లని ప్రేమించుకో పో అని అతనితో అంటోంది, కాస్త సవతుల మీద దెప్పుడు కూడా ఉంది. తెలుగులో "పొద్దు" అని చూడు, "పొద్దుని ప్రేమించు, బంగారు కురులున్నది" అంటే మగాడు రాడు.

నిషాదం
"పొద్దు" బాగుంది.

వ్యాకరణం మాట వచ్చింది కాబట్టి, జర్మన్‌లో మనకి ఒక సుఖం ఉంది, ఇంగ్లీషు వాళ్లకి లేనిది. క్రియ తరచు చివర్లో వస్తుంది, మనలాగే. క్లారాదే హైనె కవితకి చేసిన పాట ఒకటుంది, "ఇహ్ ష్టాంట్ ఇన్ డుంకెల్న్ ట్రాయ్‌మెన్", పోయిన ప్రియురాలి బొమ్మకేసి చూస్తూ నిలబడ్డ మనిషి. అందులో "ఆ ప్రియమైన ముఖం రహస్యంగా ప్రాణం పోసుకోసాగింది" అనే వాక్యం అచ్చం మన వరసలోనే ఉంటుంది, "సాగింది" ఆఖర్న. క్రియ వచ్చేదాకా వాక్యం కాదని మన ఒంటికి తెలుసు. మధ్యలో ఊపిరి తీసి వాక్యాన్ని విరిచెయ్యకండి, అంతే.

ఆ పాట తర్వాత తప్పకుండా నేర్చుకోండి. అదే కవితని షూబర్ట్ కూడా చేశాడు, బి ఫ్లాట్ మైనర్‌లో, గొంతు పియానో ఒకే స్వరం మీద ఎముకల్లా నడుస్తాయి. క్లారా దాన్నే మేజర్‌లో చేసింది. "నిన్ను పోగొట్టుకున్నానంటే నమ్మలేకున్నాను" అన్న మాట మేజర్‌లో వింటే ఇంకా నొప్పి, ఎందుకంటే అతను నిజంగానే ఇంకా నమ్మడం లేదు. 1844 నాటి ఆరు పాటల్లో మొదటిది. అందులో ఆరోది, తెల్లకలువ చుట్టూ హంస తిరుగుతూ పాడేది, చివర "ఓ పువ్వా, ఈ పాట నీకు అర్థమవుతోందా" అని అడుగుతుంది. పాట షడ్జానికి రాకుండా, తేలని కార్డు మీదే ఆగిపోతుంది. జవాబు లేదు. హాల్లో జనానికి చప్పట్లు కొట్టాలో వద్దో తెలీదు, పాడేవాళ్లకి అంతకంటే సుఖం ఏముంటుంది?

గోదారిగట్టు
అన్నా, నువ్వు ఇంత చెప్తావు, ఇంకెవరూ లేరా ఆ కాలంలో రాసిన ఆడవాళ్లు? ఒక్కావిడేనా?

నిషాదం
ఎందుకు లేరు, ఫానీ హెన్సెల్, ఫెలిక్స్ మెండెల్సోన్ అక్క. నాకు నిజానికి ఆవిడే ఎక్కువ ఇష్టం. పాటలు క్లారా కంటే ఎన్నో రెట్లు ఎక్కువ రాసింది. ఆవిడ పాటలు కొన్నిటిని తమ్ముడు తన మొదటి పాటల సంపుటిలో తన పేరుతోనే అచ్చేశాడు. 1842లో విక్టోరియా మహారాణి ఆయన ముందు ఒక పాట ఏరికోరి పాడితే, అది అక్కయ్యదని ఒప్పుకోవాల్సి వచ్చింది. సొంత పేరుతో పాటల సంపుటి 1846లో వచ్చింది, 1847 మేలో పోయింది, చివరి పాట రాసిన మర్నాడే. దీనికి వేరే దారం (థ్రెడ్) పెడతాను, ఇక్కడ స్వరాళి గారి కచేరీ పాడుచెయ్యను.

మోడరేటర్
వేరే దారం పెట్టండి దయచేసి. ఉచ్చారణ మీద మైథిలి గారి పోస్టు పైన పిన్ చేశాం.

స్వరాళి (అయిదు వారాల తర్వాత)
కచేరీ అయిపోయింది. జరిగింది జరిగినట్టు చెప్తాను.

ముందు ఇన్సెల్ వీధి ఇల్లు. వెళ్లాను. పెద్ద గదులేమీ కావు. కిటికీ దగ్గర నిలబడి "వద్దు, వద్దు, వద్దు, ఆ" అని లోలోపల అనుకున్నాను, గార్డు వింతగా చూశాడు.

మొదట "ఎర్ ఇస్ట్ గెకొమ్మెన్" పాడాను. పియానిస్టు ఇక్కడి కుర్రాడు, తుపాను అతనే చూసుకున్నాడు. "అతను నా గుండె తీసుకున్నాడా, నేను అతనిది తీసుకున్నానా" అన్న ప్రశ్నలు రెండూ అరవకుండా అడిగాను, ఆ తర్వాతి వరస పాడుతుంటే నాకే ఒళ్లు జలదరించింది. అంతవరకు బాగుంది. "లీప్స్ట్ డు" లో మూడో చరణం మొదలుపెట్టి, డబ్బు కోసం ప్రేమిస్తే అని పాడి, సాగరకన్య బదులు మళ్లీ వసంతాన్ని పట్టుకొచ్చాను! ముత్యాలు లేవు, ఏమీ లేవు. పియానిస్టు కనుబొమలు పైకి లేచాయి, చేతులు మాత్రం ఆగలేదు. ఆ గాభరాలో నాలుగో చరణంలో "ఓ యా" ఎలా పాడాలని నెలరోజులు అనుకున్నానో అదంతా ఎగిరిపోయింది, ఊరికే, హమ్మయ్య ఇంక ఒక్క చరణమే అన్నట్టు వచ్చేసింది. జారలేదు. ఆఖర్న "ఇమ్మెర్‌దార్" దగ్గర జారాను, అది నా చేతిలో లేదు. పియానో ఆగేదాకా కదల్లేదు మాస్టారూ, ప్రామిస్.

అయ్యాక ఒక పెద్దావిడ, ఎనభై దాటి ఉంటుంది, దగ్గరికొచ్చి, ప్రతి మాటా అర్థమైంది, మూడో చరణం తప్ప, అంది. టీచర్ పక్కనే ఉన్నారు. నవ్వారు. రికార్డింగ్ పెడుతున్నాను, తిట్టండి.

పియానో_పంతులు
విన్నాను. మీరనుకుంటున్న హమ్మయ్య "ఓ యా" నాకు బాగా నచ్చింది, మళ్లీ అలా రమ్మంటే రాదు. "షెట్సె" లో ట్స్ ఇంకా మెత్తగా ఉంది. పియానో ఆఖర్న మీరు కదల్లేదు గానీ ఊపిరి గట్టిగా వదిలారు, మైకులో పడింది.

మైథిలి_స్టుట్‌గార్ట్
నాకు రెండు చోట్ల "ఉ" వినిపించింది. పదకొండు నుంచి రెండుకి. ఇమ్మెర్‌దార్ దగ్గర జారావు, నేను గెలిచాను, నిషాదం గారు గమనించగలరు.

నిషాదం
గమనించాను. ఆమె కావాలని జారలేదని కూడా గమనించాను.

కచేరీప్రియుడు
చిరంజీవి, మా మనవరాలు స్పీకరులో పెట్టింది, మూడుసార్లు విన్నాను. భాష తెలియదు. "వద్దు" ఏదో, "ఆ" ఏదో మాత్రం తెలిసింది.

స్వరాళి
అందరికీ చాలా థాంక్స్. వచ్చే ఏడాదికి "లొరెలై" చేద్దామా అంటున్నారు టీచర్, క్లారా 1843లో హైనె కవితకి చేసింది. స్వరాలు బ్రైట్‌కాఫ్ అనే ప్రచురణ సంస్థ వేసిన సంపుటం రెండోదానిలో ఉన్నాయట. అది నా వల్ల అవుతుందా మాస్టారూ?

పియానో_పంతులు
మీ వల్ల అవుతుంది. జీ మైనర్‌లో ఆ కార్డులు అంతసేపు ఆగకుండా కొట్టాలి, ఆ కుర్రాడి మణికట్టుని అడిగి చెప్పండి.